పేరు లేని పాము

ఈ ఉదయం వడమాలపేటలో మా మామ గడ్డివామి కింద ఒక పాము కనబడింది. ఒళ్లంతా ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నేనే అలాంటిదాన్ని ఎన్నడూ చూడలేదు.

"దీనికింకా ఎవరూ పేరు పెట్టినట్టు లేదు మామా! కొట్టొద్దు, గంప బోర్లించండి" అని చెప్పి, కాలేజీలోని పెద్ద కెమెరా కోసం తిరుపతి బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి కొట్టి చంపి, పాలు పోసి, కాల్చేశారు కూడా.

"ఎందుకు చంపినారు మామా?"

"పేరే లేని పాముకు మందు యాడ ఉంటాది అల్లుడా? రేపు ఎవుర్నన్నా కరిస్తే, ఏం పాము కరిసిందని చెప్పేది?"

నిజం చెప్పి చంపించాను. ఏదో విషం లేని పాము పేరు చెప్పి అబద్ధమాడి ఉంటే, ఈపాటికి అది గడ్డివామి కింద ఎలకలు పట్టుకుంటూ ఉండేది. మీరైతే ఏం చెప్పేవారు?