గోల్ పడిన చీర

భువనగిరి దగ్గరి ఊళ్లో ఆండాళు మగ్గం మీద కూర్చోవడం మొదలుపెట్టి నలభై ఏళ్లయింది. నేతలో వెంట్రుకవాసి తప్పున్నా ఊరుకోదు. మొగుడు వెంకటనర్సు నేసిన గుడ్డను ఎన్నిసార్లు విప్పించిందో లెక్కలేదు. "కట్టుకునేటామెకు కనవడదు తియ్యి" అని అతను గొణిగితే, "నాకు కనవడ్తది" అనేది.

2025 ఎండాకాలం వెళ్లాక మనవరాలు హారిక మగ్గం కర్రకు ఫోన్ ఆనించి మన దేశం ఆడపిల్లల ఫుట్‌బాల్ పెట్టింది. మంగోలియా మీద పదమూడు గోల్స్ కొట్టేసరికి ఆండాళుకు ఆట పిచ్చి పట్టుకుంది. మగ్గం గుంతలో పలకలు తొక్కుతూనే ఫోన్‌లోని పిల్లల్ని గదమాయించేది.

"కాళ్ల దిక్కు సూడకు బిడ్డా! గుంతల నా కాళ్లు నేను సూస్తున్ననా?"

ఆఖరి మ్యాచ్ థాయిలాండ్‌తో. గెలిచినవాళ్లే ఆసియా కప్పుకు పోతారు. చెరో గోల్ అయ్యాక ఆండాళు కళ్లు నేత మీంచి ఫోన్ మీదికి పోయాయి. మన పిల్ల రెండో గోల్ కొట్టగానే హారిక కేక పెట్టింది. ఒకటి విడిచి ఒకటి తొక్కాల్సిన రెండు పలకలనూ ఆండాళు ఒక్కసారే తన్నింది. చీరలో అడ్డంగా గీత పడింది.

ఆట గెలిచాక వెంకటనర్సు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. నలభై ఏళ్లుగా ఈ రోజు కోసమే బతికినట్టు నవ్వాడు.

"తప్పు పడ్డది. విప్పు."

ఆండాళు తలెత్తకుండా పోగు నాడె విసిరి తర్వాతి వరస నేసింది.

"గా తప్పు నాది గాదు, గోల్ కొట్టిన పిల్లది. ఆసియా కప్పు ఆడి రానియ్యి, ఆమెతోనే విప్పిస్త."