అరటి మరక పడని పుస్తకాలు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ఒక సంచి తెచ్చి నా మంచం మీద పెట్టింది. రేపల్లెలో నేను మొదట పనిచేసిన బళ్లోనే ఇప్పుడు తనూ టీచరు. పాత పుస్తకాలు తీసేస్తుంటే బీరువా అడుగున ఇవి దొరికాయట. తీసి చూస్తే పన్నెండు బొమ్మల కథల పుస్తకాలు, గట్టి అట్టలతో ఇంకా నిగనిగలాడుతున్నాయి. చూడగానే గుర్తుపట్టాను.

అప్పటికి డెబ్బయ్యో దశకం మొదలైందో లేదో. నాది టెంపరరీ ఉద్యోగం, బాపట్లలో అమ్మా చెల్లెలూ నా జీతం మీదే బతికేవారు. తెలుగు పాఠాలతో పాటు లైబ్రరీ తాళంచెవి కూడా నాకే అప్పగించారు. పుస్తకాలు తగ్గాయని నాకు ముందున్న టీచరుగారి జీతంలో నెలల తరబడి కోత పెట్టారని, నేను చేరిన రోజే స్టాఫ్‌రూములో చెప్పారు. అసలే పిరికిదాన్ని, ఇక చెప్పాలా, ప్రతి సాయంత్రం తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో తెనాలి పుస్తకాల కొట్టాయన ఈ సెట్టు మా బడికి తెచ్చి, నచ్చితేనే ఉంచుకోమని వదిలి వెళ్లాడు. ఆ ధరకు మామూలు పుస్తకాలైతే బీరువాలో ఒక అర నిండా వచ్చేవి. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి, సోమవారానికి తేల్చమన్నారు. "కొనమంటే కొందామమ్మా. కానీ ఒక్కటి పోయినా, బొమ్మల పుస్తకాలేంటని ఇన్‌స్పెక్టరుగారు అడిగినా, నువ్వే చెప్పుకోవాలి" అన్నారు.

శనివారం ఆ కట్టను ఒళ్లో పెట్టుకుని బండెక్కాను. తెనాలిలో బండి మారేటప్పుడు, దాన్ని కింద పెట్టాల్సి వస్తుందని మంచినీళ్లు కూడా తాగలేదు. ఇంటికి చేరాక, అక్షరం ముక్క రాని మా అమ్మ ఒక పుస్తకం తీసుకుని, బొమ్మ తర్వాత బొమ్మ చూస్తూ కథంతా తనకు తానే చెప్పుకుని, ఆఖరి పేజీ దగ్గర కళ్లు తుడుచుకుంది. వేలు తడిచేసుకుని పేజీ తిప్పబోతే నేను కసిరాను కూడా. అయినా ఏమీ అనుకోకుండా, "కొనవే, చదువు రాని పిల్లలు కూడా చదివేస్తారు" అంది.

ఆ మాటతోనే ధైర్యం చేసి కొనిపించాను. ఎవరైనా మొదటి పేజీ చింపేసినా మనదని గుర్తుపట్టడానికి ప్రతి పుస్తకంలోనూ పదిహేడో పేజీ మీద రహస్యంగా బడి ముద్ర వేసేవాళ్లం. ముద్ర పడితే ఇక తిరిగి ఇవ్వడానికి లేదు. పన్నెండింటికీ ముద్ర వేసి, సిరా ఆరేదాకా పక్కనే కాపలా కూర్చున్నాను. ఆ తర్వాత వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఏటి మధ్యనున్న లంక ఊరి నుంచి పడవ మీద వచ్చే పిల్ల ఒకతి ఉండేది. పొద్దున్నే అరటి తోటలో పని చేసి బడికి వచ్చేది కాబట్టి, అరటి పసరు మరకలతో వేళ్లు నల్లగా ఉండేవి. బీరువా అద్దంలోంచి చూసి చూసి, చివరికి ఒకరోజు నోరు తెరిచి అడిగింది. "టీచరుగారండీ, ఇక్కడే కూర్చుని చూసి ఇచ్చేస్తానండి."

నేను పుస్తకం వైపు కాదు, ఆ వేళ్ల వైపు చూశాను. చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మన్నాను. ఆ పిల్ల బావి దగ్గర ఇటుక ముక్కతో తోముకుని, వేళ్లు ఎర్రగా కందిపోయి వచ్చింది. మరక మాత్రం పోలేదు. చర్మానికి పట్టేసిన పసరు కాగితానికి అంటదని ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన నాకు తెలియకపోలేదు. అయినా భయం వేసి, రేపు చూద్దాంలే అన్నాను. ఆ పిల్ల మళ్లీ అడగలేదు.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు బొమ్మల పుస్తకాలేంటని అడగలేదు సరికదా, ఎంత కొత్తగా ఉంచారమ్మా అని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. ఉద్యోగం పర్మినెంటయ్యాక బదిలీ మీద వెళ్లేటప్పుడు పుస్తకాలన్నీ సరిపోయాయని సంతకం చేయించుకుని, బతికి బయటపడ్డాననుకుని బండెక్కాను.

ఇప్పుడు మా చెల్లెలి కూతురి తరగతి గదిలో పుస్తకాలను తాడుకు వేలాడదీస్తారట, ఎవరికి కావలసినవి వారే తీసుకుంటారట. చిరిగిన వాటిని అతికించుకుంటూ మురిసిపోతుంది. మా కాలంలో పుస్తకం నలగకపోవడమే గొప్ప. ఈ పన్నెండింటి వెనక, తీసుకెళ్లిన వాళ్ల పేర్లు రాయడానికి అంటించిన చీటీలు ఖాళీగా ఉండడం చూసి, "పెద్దమ్మా, వీటిని ఎవరూ చదవలేదా?" అని అడిగింది. మా అమ్మ చదివిందని చెప్పాను.

తను వెళ్లాక కళ్లజోడు పెట్టుకుని పన్నెండు పుస్తకాలూ పేజీ పేజీ తిప్పి చూశాను. నా ముద్రలు తప్ప ఎక్కడా ఒక్క మరక లేదు.