కోమలక్క మిద్దె మీద నడిచాను

మా నటేశన్ నగర్ సంఘం అధ్యక్షురాలు కోమలక్క రిటైరైన ఇంజనీరు. ఇళ్లు చల్లబడాలంటే మిద్దెలకు తెల్ల సున్నం కొట్టాలని ఆమె అంటే, మొన్న మీటింగులో గట్టిగా నవ్వింది నేనే. ఈరోజు మధ్యాహ్నం నన్ను తన మిద్దె మీదికి పిలిచింది. సగానికే సున్నం కొట్టి ఉంది.

"చెప్పులు ఇడిసి నడువు తమ్ముడూ."

తెల్లటి వైపు హాయిగా నడిచాను. రెండో వైపు అడుగు పెట్టగానే ఎగిరి గంతేశాను.

"ఇప్పుడు చెప్పు, యాడ కాలతా ఉంది?"

"ఒప్పుకుంటానక్కా. మా ఇంటికి ఎప్పుడు కొడదాం?"

"నీకేంది తొందర? పొద్దంతా ఆ ఉడుకులో మిషన్ కుట్టే సెల్వి ఇంటికి ముందు."

అరవై దాటిన మనిషి, బకెట్ పట్టుకుని సెల్వి ఇంటి మెట్లు తనే ముందెక్కింది. వెనకాలే, కబురందుకుని వచ్చిన సంఘం వాళ్లతో కలిసి మేం ఎనిమిదిమందిమి ఎక్కాం. సాయంత్రానికి పని పూర్తయింది. నడుం పట్టేసినా సంతోషంగా ఉంది. ఇలా ముందు తను మెట్లెక్కే మనిషి మీ వీధిలో ఎవరు?