ఎడమవైపు అంగుళం పావు తక్కువ

మార్చి నాలుగో తేదీ, మంగళవారం. నలభై ఆరు డిగ్రీలు.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము మీద స్కేలు పెట్టి రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట ఆ అంకె వేసింది. పదమూడేళ్ల అమ్మాయి వెన్నెముక మెడ నుంచి తిన్నగా దిగకుండా నడివీపులో కుడికి ఒరిగి, నడుము దగ్గర మళ్లీ మధ్యకు చేరింది.

"దీన్ని స్కోలియోసిస్ అంటారు. గూని ముందుకు వంగితే, ఇది పక్కకు వంగుతుంది. ఎందుకొస్తుందో చాలామందిలో తెలియదు."

"పుస్తకాల సంచీ ఒక్క భుజానికే తగిలించుకుంటుందని మా అత్తగారు రోజూ తిడుతుందండీ" అంది తల్లి.

"సంచీ తప్పేమీ లేదు. ఆవిడకి చెప్పండి."

"నాయనమ్మకి మీరే చెప్పండి డాక్టర్. మేం చెబితే ఆ సంచీతోనే కొడుతుంది" అంది అమ్మాయి.

తల్లి నవ్వలేదు. ఆమె ఫిల్మును చూస్తోంది. ఆమెకు ఆ వంపు కొత్త కాదు.

ఆమె ఆడపిల్లల దుస్తులు కుట్టే దర్జీ. టేపు మెడలోంచి తీయకుండానే అన్నం తింటుందని వీధిలో అందరూ టేపమ్మ అంటారు. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడ వారగా కత్తిరింపు బల్ల, బల్ల సొరుగులో కొలతల పుస్తకం ఉంటాయి. పద్దెనిమిదేళ్ల క్రితం ఆమెకు పని నేర్పిన ముసలి దర్జీ మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "ఒంట్లో వంకరుంటే గుడ్డకి చెప్పు, మనిషికి చెప్పకు." అందుకే ఆమె కొలత తీసేటప్పుడు అంకెలు పైకి చదవదు. వందమంది వస్తే డెబ్భైమందికి భుజాలు సమంగా ఉండవు. తగ్గిన భుజంలో పలచటి దూది ప్యాడ్ పెట్టి, అటువైపు పొడుగు కాస్త సవరించి కుడుతుంది. వాళ్లు అద్దంలో చూసుకుని, తమ ఒళ్లే బాగుందనుకుని వెళ్తారు.

కూతురికీ అలాగే చేసింది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి రెడీమేడ్ బట్ట ఒంటి మీద వేసుకోలేదు. పదేళ్ల వయసులో ఎడమవైపు పావు అంగుళం తగ్గింది. టేపమ్మ పావు అంగుళం ప్యాడ్ పెట్టింది. ప్రతిసారీ తేడా ఎంతో అంతే సరిచేసింది. చేతిలో పనితనం ఉంది కాబట్టి తరగతిలో ఎవరికీ కనిపించలేదు, ఇంట్లో అత్తగారికీ కనిపించలేదు.

ఫిబ్రవరిలో స్కూలువాళ్లు ఆటల పోటీకి రెడీమేడ్ జెర్సీలు ఇచ్చారు. ఆటల టీచరు వరసలో నిలబెట్టి చూసి, "నీ జెర్సీ ఏంటమ్మా, గాలికి ఊడిన పోస్టరులా ఒకవైపు వేలాడుతోంది?" అన్నాడు. రెండోసారి చూసి ఇంటికి చీటీ పంపాడు. అలా ఎక్స్‌రే దాకా వచ్చింది.

డాక్టరమ్మ ఫిల్ము దించి ఇలా చెప్పింది: "ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి. నలభై ఆరంటే అటూ ఇటూ కాని చోటు. ఏడాదిగా ఇక్కడే ఆగి ఉంటే ఒంటికి బిగించే బ్రేస్ వేసి చూడొచ్చు. గబగబా పెరుగుతూ వచ్చుంటే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. పాత ఎక్స్‌రే ఏదైనా ఉందా?"

"లేదండీ."

"ఇంతకుముందు ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"లేదండీ" అంది టేపమ్మ మళ్లీ.

"అయితే నాలుగు నెలలాగి ఇంకో ఎక్స్‌రే తీసి, పోల్చి చూద్దాం. ఈలోగా ఇంకా పెరగొచ్చు, కానీ తెలుసుకోవడానికి వేరే దారి లేదు."

ఇంటికొచ్చి ఆమె ఆరు కాజాలు కుట్టింది. తర్వాత సొరుగు తెరిచింది. పుస్తకంలో మూడేళ్లలో కూతురి కొలతలు ఐదుసార్లు ఉన్నాయి, తేదీలతో సహా. భుజం నుంచి నడుము దాకా, ఎడమ, కుడి విడివిడిగా. తేడా మొదట పావు, తర్వాత పావు, అర, ముప్పావు. చివరి ఆరు నెలల్లో అది అంగుళం పావుకు చేరింది. డాక్టరమ్మ అడిగినదానికి జవాబు ఆ పుస్తకంలో ఉంది. దాన్ని చూపిస్తే తనకు అన్నీ తెలుసని కూతురికి తెలిసిపోతుంది. చూపించకపోతే నాలుగు నెలలు పోతాయి. ఆమె సొరుగు మూసింది. ఆ వారమంతా ఎవరేమడిగినా "ఊఁ" అంది.

"ఏమే, నోట్లో సూది పెట్టుకున్నావా?" అంది అత్తగారు.

"ఊఁ" అంది ఆమె.

తర్వాతి మంగళవారం, మార్చి పదకొండున, ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లింది. పుస్తకం బల్ల మీద పెట్టి, పేజీ తెరిచి, "పోయినసారి అబద్ధం చెప్పానండీ" అంది. డాక్టరమ్మ ఐదు వరసల కిందా వేలు పెట్టి చదివింది.

"ఇది ఎక్స్‌రేకి సమానం కాదు. కానీ నాలుగు నెలలు ఆగకూడదని చెప్పడానికి సరిపోతుంది" అని ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరుకు ఉత్తరం రాసింది. ఆమె ఫోను చేస్తే, ముందు పిల్లని చూసి ఏప్రిల్ రెండో వారంలో చేయొచ్చని అక్కణ్నుంచి చెప్పారు.

బస్సులో అమ్మాయి కిటికీ వైపు తిరిగి అడిగింది.

"ఐదుసార్లు కొలిచావు కదమ్మా. ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు" అంది టేపమ్మ.

ఆపరేషన్ తర్వాత వేసుకోవడానికి ముందువైపు తెరుచుకునే వదులు చొక్కాలు రెండు తెమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. ఆ సాయంత్రం టేపమ్మ మెడలోంచి టేపు తీసి కూతుర్ని కిటికీ దగ్గర నిలబెట్టింది. పుస్తకం, పెన్సిలు పిల్ల చేతికే ఇచ్చింది.

"కుడి పదిహేనూ ముప్పావు" అంది పైకి. "ఎడమ పద్నాలుగున్నర."

అమ్మాయి రాసుకుంది. "ప్యాడ్?"

"వద్దు" అని ఆమె గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసింది.