బావ మంచం మీద పావుగంట

దయ్యాల కథలు చెప్పేవాళ్లతో నేను పోట్లాడతాను. చిన్నప్పటి నుంచీ అంతే. చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ, వికారాబాద్‌లో మోటార్లు బాగుచేసే నా కొట్టు మూయగానే లైబ్రరీకి వెళ్తాను. పద్దెనిమిదేళ్ల అలవాటు. అక్కడ శరీరశాస్త్రం అరలో నేను తెరవని పుస్తకం లేదు. ఈ కింద రాసింది ఇంకెవరైనా చెబితే మొదట నవ్వేవాణ్ని నేనే.

మా అక్క భర్త తాండూరులో బండల పాలిషింగ్ పని చేసేవాడు. ఆయనకూ నాకూ ఎన్నడూ పడలేదు. పదిమందిలో నన్ను ‘లైబ్రరీ డాక్టర్’ అని పిలిచేవాడు. నేనూ ఊరుకునేవాణ్ని కాదు.

రెండేళ్ల కిందట ఆయనకు ఆయాసం మొదలైంది. తాండూరులో బండల పనివాడికి ఆయాసం వస్తే రాతి దుమ్మే కారణమంటారు, ఇంకో ఆలోచన ఉండదు. దుమ్ము దిగిపోతుందని పనివాళ్లు రోజూ బెల్లం తింటారు. ఆయనా తిన్నాడు. పీల్చే మందూ వాడాడు. తగ్గలేదు. పాదాలు వాచాయి. పడుకుంటే ఒక ముసలిది వచ్చి గుండెల మీద కూర్చుంటోందని, లేచి కూర్చుంటే దిగి పక్కనే నిలబడుతోందని చెప్పసాగాడు. నెల రోజులు గోడకు ఆనుకునే కునుకు తీశాడు. అక్క తాయెత్తు కట్టించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లి ఆయనకు వివరంగా చెప్పాను. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం గుండె ఎడమవైపుకు వస్తుంది. అక్కడి కవాటం సరిగా తెరుచుకోకపోతే రక్తం ముందుకు పోలేక వెనకాలే నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల నాళాల్లో బీపీ పెరుగుతుంది. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కాదది. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ కుడివైపు కూడా అలసిపోతుంది, కాళ్లు వాస్తాయి. పడుకుంటే కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది, బరువు అందుకే. గుండె పరీక్ష చేయించుకోమన్నాను.

“నీ పుస్తకాలు నీ కొట్ల పెట్టుకో. గంత తెలిస్తే గీ మంచం మీద నువ్వే పండు, జూద్దాం,” అన్నాడు.

“పండుత. ఏం రాకుంటే రేపు దవాఖానకు వస్తవా బావా?”

“ముందుగాల పండు.”

పడుకున్నాను. గోడ గడియారంలో రెండూ పది. తలుపు తీసే ఉంది, బయట ఎండ. అక్క వంటింట్లో ఉంది. బావ కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

కాసేపటికి నా ఎడమ పక్కటెముకల కింద ఒక మడమ దిగబడింది. ఒక్కటే. తర్వాత ఛాతీ మీద మొత్తం బరువు పడింది. పైన ఎవరూ కనబడలేదు. ఊపిరి సగంలో ఆగింది. వేలు కూడా కదల్లేదు, గొంతు పెగల్లేదు. ఆ బరువులో పగ ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఇంకో మాట దొరకడం లేదు.

ఎలాగో పక్కకు దొర్లి కింద పడ్డాను. రెండూ ఇరవై ఐదు.

“ఏం లేదు,” అన్నాను. అంత వాదించాక ఉందని ఏ ముఖంతో చెప్పను?

బావ కుర్చీలోంచి లేచాడు. “సరే, రేపు పోదాం,” అన్నాడు. గెలిచాననుకున్నాను.

మర్నాడు వికారాబాద్‌లో గుండె డాక్టరు తెర మీద చూపించాడు. ఎడమవైపు కవాటం ఇరుకైపోయింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం చేసిన పని. ఊపిరితిత్తుల్లో బీపీ దానివల్లే పెరిగింది. నేను చెప్పింది పొల్లుపోలేదు. తర్వాత హైదరాబాద్‌లో తొడ దగ్గరి నాళం గుండా బెలూన్ పంపి కవాటాన్ని వెడల్పు చేశారు. ఇప్పుడు బావ వెల్లకిలా పడుకుంటున్నాడు.

నా గుండె కూడా చూపించుకున్నాను. ఏ లోపమూ లేదు. సగం నిద్రలో ఒళ్లు బిగుసుకుపోవడం గురించి చదివాను. నావరకు అదే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

పోయిన నెల తాండూరు వెళ్లినప్పుడు బావ ఉన్నట్టుండి అన్నాడు: “ఆనాడు ఏం లేదన్నవ్. అబద్ధం. ముసల్ది నా పక్కనుంచి పోయి నీ మీద కూసుంది. నా మీదైతే రెండు కాళ్లు పెట్టేది. నీ మీద గీడ ఒకటి పెట్టింది, ఇంకోటి మంచం పట్టె మీద పెట్టింది.” అంటూ నా ఎడమ పక్కటెముకల కింద వేలు పెట్టాడు. అదే చోటు.

“మరి నన్నెందుకు లేపలే?”

“లేపబుద్ధి గాలే. నెల రోజులకు నాకు గాలి ఆడింది. నీ ముఖం నల్లగైతనే ఉన్నది, జూస్తనే ఉన్న. సస్తే సావనీ, ఇంకో అయిదు నిమిషాలు గట్లనే పండనీ అనుకున్న. గా పావుగంటల్నే నాకు బతకబుద్ధయింది. దవాఖానకు అందుకే వచ్చిన. నీ పుస్తకాలకు గాదు.”

ఆ మడమ గురించి నేను అక్కతో సహా ఎవరికీ చెప్పలేదు. ఆయనకు ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. చస్తే చావనీ అనుకున్నానని ముఖం మీదే అన్న మనిషి మీద నాకెందుకు కోపం రాలేదో, అదీ తెలియదు.