ముగ్గురాయి దారిలో తెల్లబడిన సెన్సార్

2005 వేసవిలో నన్ను కర్నూలు బ్రాంచి నుంచి కడప బ్రాంచికి వర్క్‌షాప్ మేనేజరుగా వేశారు. రెండు ఊళ్ళలోని కార్ల సర్వీసు కేంద్రాలూ ఒకే యజమానివి. అందరూ ఆయన్ని శెట్టిగారు అనేవాళ్ళు. ఆయన కూర్చునేది కడపలో. మనిషి మాటకారి, కోపిష్టి. నేనూ తక్కువేం కాదు. ఇద్దరినీ ఒకే కప్పు కింద పెట్టారు, ఇక చూసుకోండని కర్నూలులో నవ్వుకున్నారట.

వర్క్‌షాప్ మేనేజరంటే బండి కింద దూరే మనిషి కాదు. సూపర్‌వైజర్లు, మెకానిక్‌లు చేసిన పనికి జవాబు చెప్పుకోవలసినవాడు. ఏ భాగం ఎందుకు చెడిందో తేల్చే టెక్నికల్ రిపోర్టు అతని సంతకం లేనిదే చెల్లదు. శెట్టిగారికీ నాకూ చెడింది ఆ సంతకం దగ్గరే.

కడపలో నేను చూసిన కొత్త సంగతి ‘గనుల పూత’. మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, గనుల వైపు తిరిగే బండ్లను దుమ్ము పీక్కు తినేది. అది ఇంజన్‌లోకి పోకుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బా అతుకులకూ, గాలి గొట్టం లోపలి అంచుకూ సిలికాన్ గమ్ పూసి పంపేవాళ్ళు. స్నానాలగదిలో సందులు పూడ్చే మామూలు గమ్మే అది. ఈ పూత శెట్టిగారి సొంత ఆలోచన. సర్వీసుకు వచ్చిన ప్రతి గనుల బండికీ ఉచితంగా చేయించి, వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకొనేవారు. డ్రైవర్లకూ అదంటే ప్రాణం.

అందరికంటే ఎక్కువ మోజు దేవదానానికి. మైదుకూరు దగ్గరి పల్లె మనిషి, చర్చిలో సంఘపెద్ద. గనుల ఆఫీసు ఉద్యోగులను సొంత పెట్రోలు వ్యానులో తిప్పేవాడు. ఇల్లంతా ఆ వ్యాను మీదే నడిచేది. “ఇంకొంచెం మందంగా పుయ్యప్పా, దుమ్ము శానా ఉండాది” అంటూ పక్కన నిలబడి మరీ పూయించుకొనేవాడు.

ఆ వ్యానే నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. పెట్రోలు తెగ తాగుతోంది. గనుల రవాణా ఆఫీసరు చూసి, వీడు పెట్రోల్లో కిరసనాయిలు కలుపుతున్నాడని నిర్ధారించేసుకున్నాడు. వర్క్‌షాప్ రిపోర్టు తెమ్మన్నాడు. కిరసనాయిలని తేలితే ఆ వ్యాను గనుల గేటు దాటదు. దేవదానం నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. “నేను కిరసనాయిలు పోసే మనిషినా సార్? ఆదివారం చర్చిలో మొగం ఎట్ల ఎత్తుకోవల్ల? గేటు మూస్తే నా పిల్లోల్లు యాడికి పోవల్ల?” అన్నాడు.

ఇక్కడ కాస్త యంత్రం సంగతి చెప్పాలి. పెట్రోలు సరిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు, బరువు లెక్కన, దాదాపు పద్నాలుగున్నర పాళ్ళ గాలి కావాలి. ఆ పాళ్ళు కుదిరాయో లేదో చెప్పేది పొగ గొట్టంలో బిగించిన ఆక్సిజన్ సెన్సార్. పొగలో ఆక్సిజన్ మిగిలితే దాని ఓల్టేజి సున్నా దగ్గరికి దిగుతుంది. పెట్రోలు ఎక్కువై ఆక్సిజన్ మిగలకపోతే ఒక ఓల్టు దగ్గరికి ఎక్కుతుంది. దాన్ని చూసి బండిలోని కంప్యూటర్ పెట్రోలును క్షణక్షణం తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. కాబట్టి మంచి సెన్సార్ ఓల్టేజి గీత పరీక్ష యంత్రం తెర మీద ఎగురుతూ దిగుతూ కనిపించాలి. దేవదానం బండిలో ఆ గీత కింద పడుకుని లేవనంది. పెట్రోలు చాలడం లేదని అది అబద్ధం చెబుతోంది, కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తోంది. సెన్సార్ విప్పించాను. మొన మీద తెల్లగా, సున్నం కొట్టినట్టు పొర.

చూడగానే నాకు అర్థమైంది. మామూలు సిలికాన్ గమ్ ఆరేటప్పుడు వదిలే ఆవిరి ఇంజన్‌లోకి పోతుంది. అక్కడ మండి తెల్లటి పొరగా మారి సెన్సార్ మొనను పూడ్చేస్తుంది. సెన్సార్‌ను చెడగొట్టని గమ్ వేరే దొరుకుతుంది. మేం వాడేది అది కాదు.

శెట్టిగారికి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. “ఏమప్పా ఖాదరూ, నా పూత బండ్లను చెడగొట్టిందని ఊరంతా చాటుతావా? కిరసనాయిలని రాసెయ్! ఒక డ్రైవరు కోసం నా అంగడి మీద మన్ను పోస్తావా?” అన్నారు. రాయనన్నాను. “రాయకుంటే ఈడ నీకు పనేముండాది?” అన్నారు. పని ఉన్నంతసేపూ సరిగ్గా చేస్తానన్నాను. ఆయన టేబులు మీద గుద్దితే టీ గ్లాసు దొర్లిపోయింది. నేను మాత్రం నా కుర్చీలోంచి లేవలేదు.

నేనే రవాణా ఆఫీసరును పిలిపించాను. వస్తూ వస్తూ ఇంకో వ్యాను వెంట తెమ్మన్నాను. అదీ ఆ గనులకే, ఆ రోడ్డునే తిరిగేది, ఆ బంకులోనే పెట్రోలు పోయించుకొనేది. దాని డ్రైవరుకు గమ్ పులుపు వాసన పడదు. ఎప్పుడూ పూత వద్దనేవాడు.

అందరి ముందూ దేవదానం బండికి కొత్త సెన్సార్ బిగించాం. ట్యాంకులో అదే పెట్రోలు. ఇంజన్ వేడెక్కగానే గీత ఎగరడం మొదలుపెట్టింది. కాసేపటికి నల్లపొగ ఆగింది. శెట్టిగారు మాత్రం తగ్గలేదు. కొత్తది పెడితే ఏ బండైనా బాగవుతుందనీ, పాతదాన్ని చంపింది కిరసనాయిలేననీ అన్నారు. కిరసనాయిలైతే నల్లటి మసి ఉండాలి కదా, ఇది తెల్లగా ఉందే అన్నాను. “తెల్లగుండేది ముగ్గురాయి దుమ్ము, ఆ మాత్రం తెలీదా నీకు?” అన్నారు. అదేదో ఇప్పుడే చూద్దామని రెండో వ్యాను సెన్సార్ విప్పించాను. అదే దుమ్ము, అదే బంకు. మొన బూడిదరంగులో శుభ్రంగా ఉంది. రెండు సెన్సార్లూ రవాణా ఆఫీసరు అరచేతిలో పక్కపక్కన పెట్టాను. ఆయన దేవదానం వైపు తిరిగి, “రేపు గేటుకు బండి తీసుకురాప్పా” అన్నాడు.

చెడింది సిలికాన్ గమ్ వల్ల, పూసింది మా వర్క్‌షాప్ అని రిపోర్టు రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. శెట్టిగారు నాతో మాట్లాడడం మానేశారు. దేవదానం గమ్ లేకుంటే దుమ్ము సంగతేందని దిగులు పడితే ఫిల్టర్ డబ్బా అతుకులకు కొత్త రబ్బరు పట్టీ వేయించాను. “ఇదేదో ముందే వేసింటే సరిపోతాండె కద సార్” అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆ నెలాఖరుకే నన్ను ఓర్వకల్లు దగ్గరి విడిభాగాల గోడౌనుకు మార్చారు. చుట్టూ బండరాళ్ళు, రేకుల షెడ్డు. గనుల పూత ఆగింది గానీ నా మీద కోపం ఆగలేదు. మిగిలిన గమ్ పెట్టెలన్నీ నా దగ్గరికే పంపించారు. నన్ను ఏడిపించడానికే పంపించారని నాకు తెలుసు. ఎర్రరంగు డబ్బా తెప్పించి, ప్రతి పెట్టె మీదా ‘ఇంజన్ దగ్గర వాడరాదు’ అని రాసి, కింద నా సంతకం పెట్టాను.

రిటైరయ్యేదాకా నా మాట అదే. సెన్సార్ అబద్ధం చెబితే విప్పి కొత్తది బిగించవచ్చు. మేనేజరు అబద్ధానికి సంతకం పెడితే గేటు బయట మిగిలిపోయేది ఇంకొకడు.