లాలాగూడ దొరసాని సొంతూరు

పోలీస్ యాక్షన్ నాటికి నేను లాలాగూడ రైల్వే కాలనీలో ఒక ఇంగ్లీషు దొరసాని బంగళా వెనక గదిలో ఉండేదాన్ని. మిషన్ బడిలో కొత్త టీచర్ని. మావాళ్లంతా బందరులో. దొరసాని భర్త రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి కన్నుమూశారు. పిల్లలు లేరు. పెళ్లయిన నాటినుంచీ ఇక్కడే ఉన్న మనిషి. వంటామె దగ్గర నేర్చుకున్న ఆవిడ తెలుగు అచ్చంగా లాలాగూడ తెలుగు.

ఆ రోజుల్లో రైళ్లు ఆగిపోయాయి. బడి మూసేశారు. వర్క్‌షాపు కూత కూడా లేక కాలనీ పాడుబడ్డట్టుండేది. ఇంటినుంచి కబురు లేక గదిలో ముడుచుకుని కూర్చుంటే ఆవిడే తలుపు తట్టింది.

"ఒక్కదానివి ఏం కూసుంటవు బిడ్డా, లోపలికి రా. నాకు సుత పరేషాన్‌గనే ఉంది."

టీ తాగుతూ ఇంగ్లండులోని తన ఊరి ముచ్చట్లు చెప్పేది. వాగు మీద సన్నటి రాతి వంతెన ఉందట. ఉన్ని మూటలు మోసే గుర్రాల కోసం కట్టింది కాబట్టి మూటలు తగలకుండా దాని పిట్టగోడలు మోకాలి ఎత్తులోనే ఉంచారట. చర్చి గుమ్మం రాళ్ల మీద గీతలుంటాయట. పూర్వం విలుకాళ్లు అక్కడ బాణాలు నూరుకునేవారని ఊళ్లో చెప్పుకునేవారట. వింటూ వింటూ ఇద్దరం బయటి సంగతి కాసేపు మరిచిపోయేవాళ్లం.

అలజడి సద్దుమణిగాక ఆవిడ బంగళా ఖాళీ చేసి తన ఊరికి వెళ్లిపోయింది. నేను రాంగోపాల్‌పేట్‌లో గది చూసుకున్నాను.

కొన్నేళ్లకు మిషన్ వాళ్లు నన్ను శిక్షణకు ఇంగ్లండు పంపారు. క్రిస్మస్‌కి హాస్టల్లో అందరూ ఇళ్లకు వెళ్లారు. ఖాళీ భోజనాల బల్ల ముందు ఒక్కదాన్నే రెండు రోజులు తిన్నాను. మూడోరోజు ఆవిడ ఊరికి బయల్దేరాను.

దుకాణంలో ఆవిడ పేరు చెబితే, "ఓ, ఆ ఇండియా ఆవిడా" అని చివరి ఇల్లు చూపించారు.

తలుపు తీసి ఆవిడ చాలాసేపు నన్నే చూసింది.

"వచ్చినవా బిడ్డా," అంది.

నా చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పింది. వంతెన ఆవిడ చెప్పినట్టే ఉంది. ఇద్దరం పక్కపక్కన నడవలేకపోయాం. చర్చి గుమ్మం దగ్గర నా వేళ్లను ఆ గీతల మీద పెట్టించింది. రాయి మంచులా ఉంది. ఎదురైనవాళ్లు మర్యాదగా తలూపి సాగిపోయారు, ఒక్కరూ ఆగలేదు.

"మీవాళ్లెవరూ లేరామ్మా ఇక్కడ?"

"ఉన్నరు. అందరు గా రాళ్ల కిందనే ఉన్నరు," అని సమాధుల వైపు చూపించింది. "బతికున్నోళ్లకు నేనెవరో ఎరుక లేదు. తెలుగుల మాట్లాడక ఎన్నేండ్లాయె. కుక్కతోని మాట్లాడుత, అది జెర ఇంటది."

"నాతో వచ్చేయండమ్మా. రాంగోపాల్‌పేట్‌లో నా గదిలో ఇద్దరం ఉండొచ్చు."

ఆవిడ నవ్వి నా శాలువా సర్దింది. "మా ఊరికి పోవాలె, పోవాలె అని అక్కడ బతికిన. మళ్ల అక్కడికొచ్చి ఇక్కడి కోసం ఏడ్వాల్నా? వద్దులే."

సాయంత్రం బస్సు దాకా వచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యెత్తే ఉంది. మళ్లీ మేం కలుసుకోలేదు. ఆ రాత్రి హాస్టల్‌కి తిరిగొచ్చాక గదిలో దీపం వేసి, ఎవరూ లేకపోయినా, "వచ్చేశానమ్మా" అని పైకే అన్నాను.